అర మూర గొంతు

అంత దూరంగా కూర్చుంటే ఎలా? ఇంకొంచెం ముందుకు జరగండి. ఆ వైపు వద్దు, ఇప్పుడే మల్లెలకు నీళ్ళు చల్లాను, చాప తడిగా ఉంది. ఇటు రండి, నా మోకాలి పక్కన చోటుంది. నేను పూలు కడుతూనే చెబుతాను. చేతుల పని చేతులది, నోటి పని నోటిది. అయిదో తరగతితో బడి మానేసినదాన్ని, కథలా చెప్పబోయినా మాట్లాడినట్టే వస్తుంది నాకు. మీరే సర్దుకుని వినండి.

మా ఇంటికి వచ్చినవాళ్ళంతా ఒక్కసారైనా అడుగుతారు, టీవీ కింది అరలో పాత చీర ముక్క కప్పిన ఆ నల్ల పెట్టె ఏమిటని. డెక్కు అంటాను. ఈ కాలం పిల్లలకు ఆ మాటే తెలియదు. వీడియో క్యాసెట్లు వేసి చూసే పెట్టె అని చెప్పాలి. పనిచేస్తుందా అంటే, చేయదంటాను. మరి ఎందుకు అంటే, నవ్వి ఊరుకుంటాను. తిరుచానూరు వీధుల్లో పాత సామాన్ల బండాయన వారానికోసారి అరుచుకుంటూ పోతాడు. ఆ అరుపు వినిపిస్తే చాలు, మా ఆయన డెక్కు వైపు ఒకసారి, నా వైపు ఒకసారి చూస్తాడు. నేను తలవంచుకుని పూలు కడతాను.

ఎందుకో ఇవాళ చెబుతాను.

మా పుట్టిల్లు చిత్తూరు దగ్గర పల్లె. నా పెళ్ళినాటికి పెళ్ళిళ్ళకు వీడియో తీయించడం మా వైపు కొత్త. చిత్తూరు నుంచి వీడియో ఆయన భుజాన ఇంత కెమెరా పెట్టుకుని వచ్చాడు. ఆయన వెనకాలే ఒక లైటు. ఆ లైటు ముఖాన పడితే పొయ్యి ముందర కూర్చున్నట్టే. నా బొట్టు కారి ముక్కు మీదికి వచ్చేది. మా అమ్మకు ఆ లైటంటే భయం. కళ్ళు పోతాయని ఎవరో చెప్పారట. అది ఇటు తిరిగితే అమ్మ అటు పరిగెత్తేది. మొత్తం పెళ్ళి క్యాసెట్‌లో అమ్మ కనిపించేది ఒక్కసారే. బిందె చంకన పెట్టుకుని పోతున్న వీపు.

పెళ్ళినాడు నాకు అమ్మ మీద కోపం వచ్చింది. తెల్లవారుజామునే తలంటు పోసి పీట మీద కూర్చోబెట్టి పోయిన మనిషి, ముహూర్తం దాకా నా పక్కకే రాలేదు. పెళ్ళికూతురు ముహూర్తం అయ్యేదాకా ఏమీ తినకూడదు కదా. నా పెదాలు ఎండిపోయి అంటుకుపోయాయి. మధ్యలో ఎవరో వెనక నుంచి చెయ్యి చాచి చిన్న గ్లాసుతో నీళ్ళిచ్చారు. ఎవరో తలెత్తి చూడలేదు, గుటగుటా తాగేశాను. ఎవరికో గుర్తొచ్చాను, మా అమ్మకు మాత్రం వంటవాళ్ళూ విస్తళ్ళే గుర్తున్నాయి అనుకున్నాను. అత్తగారింటికి ఆ కోపాన్ని కూడా సారెతో పాటు పట్టుకుని వచ్చాను.

మూడు నెలలకు క్యాసెట్ వచ్చింది. ఇప్పటివాళ్ళకు ఒక సంగతి చెప్పాలి. అప్పుడు పెళ్ళి క్యాసెట్ అంటే ఉన్నదున్నట్టు ఇచ్చేవారు కాదు. అందరి మాటలూ తీసేసి మీద సినిమా పాటలు ఎక్కించేవారు. దానికి మిక్సింగ్ అని పేరు. పాటలు లేకపోతే వీడియో ఆయనకు పని రాదన్నట్టు. అందుకే మా పెళ్ళిలో మనుషుల నోళ్ళు కదులుతాయి, మాట ఉండదు. మా పెదనాయన వంటాయన్ని వేలు చూపించి తిడుతుంటే మీద ప్రేమపాట. పురోహితుడు మంత్రం చెబుతుంటే ఎవరో ఆడమనిషి వానలో తడిసే పాట. అప్పగింతలకు మాత్రం ఏడుపు పాటే వేశాడు, దానికి లోటు చేయలేదు.

ఆదివారం మధ్యాహ్నం మా పుట్టింట్లో కిటికీలకు దుప్పట్లు కట్టి, చిత్తూరు నుంచి డెక్కు అద్దెకు తెచ్చి వేశాం. వీధి వీధంతా మా నడవలోనే. ఎవరి ముఖం వస్తే వాళ్ళు సిగ్గుపడటం, పక్కవాళ్ళు పొడవటం. సగం దాకా వచ్చింది. తెర మీద నేను, నుదుట బాసికంతో, తల వంచుకుని. అక్కడ ఒక పాట అయిపోయింది. తరవాతి పాట మొదలు కాలేదు. ఆయన ఎక్కించేటప్పుడు చెయ్యి ఆలస్యమైందేమో. ఆ కొంచెం సందులో పెళ్ళి పందిరి నిజం చప్పుడు బయటికి వచ్చింది. గిన్నెల మోత, ఎవరిదో దగ్గు, వాటి మీద మా అమ్మ గొంతు:

"ఒసే, ఆ బిడ్డకు రవన్ని నీళ్ళియ్యండే! పొద్దన్నుంచీ ఎంగిలి గూడా పడలే!"

అంతే. వెంటనే పాట వచ్చి కప్పేసింది.

నడవంతా ఒకటే నవ్వు. "ఏమ్మే, నీ గొంతు సినిమాలో పడింది పో!" అని పక్కింటి అవ్వ అమ్మ తొడ మీద చరిచింది. అమ్మ చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"నా గొంతు అట్లుంటాదా? కాకి అరసినట్టుండాది. దాన్ని తీసేయమనండప్పా ఆ వీడియో ఆయన్ని."

"తీసేసేదేంది? నువ్వు ఉండేదే అంత," అన్నాడు నాయన.

నేను నవ్వలేదు. లోపలికి పోయి నీళ్ళ తొట్టి దగ్గర నిలబడ్డాను. అమ్మ వెనకాలే వచ్చింది.

"ఏమైందే?"

"ఆ దినం నువ్వేనా నీళ్ళియ్యమన్నింది?"

"ఎవురికి గుర్తు? ఆ పొద్దు నూరు మాటలు అరిసింటా. దాంట్లో అదొకటి."

నూరు మాటలూ పాటల కిందికి పోయాయి. అదొక్కటే మిగిలింది.

ఆ తరవాత నా కాపురం తిరుచానూరుకు మారింది. మా ఆయనకు లాడ్జిలో పని, నాకు గుడి దగ్గర పూల పని. లాడ్జి పక్కనే ఒక వీడియో అంగడి ఉండేది, డెక్కులూ క్యాసెట్లూ అద్దెకిచ్చేది. సీడీలు వచ్చాక అది మూతబడింది. మూసేరోజు అంగడాయన మా ఆయనకు ఒక డెక్కు ఇచ్చేసి పోయాడు. మా ఆయన దాన్ని చంకలో పెట్టుకుని ఇంటికి వస్తుంటే నాకు అమ్మే ఇంటికి వస్తున్నట్టు అనిపించింది. నిజమే చెబుతున్నాను, అప్పటికి అమ్మ బాగానే ఉంది, పండగకూ పబ్బానికీ వస్తూనే ఉంది. అయినా అట్లా అనిపించింది.

పెళ్ళిరోజున తప్పకుండా క్యాసెట్ వేసేవాళ్ళం. మా పిల్ల చిన్నప్పుడు వాళ్ళ నాయన మీసం చూసి నవ్వి, పది నిమిషాలకే వీధిలో ఆటకు పరిగెత్తేది. ఆ సందు దాకా ఏనాడూ కూర్చోలేదు. నేనూ చెప్పలేదు. కొన్ని మాటలు చెబితే పలచనవుతాయి.

అమ్మ పోయాక మధ్యాహ్నాలు ఎవరూ లేనప్పుడు ఒక్కదాన్నే వేసుకునేదాన్ని. ఆ చోటు నాకు కొండగుర్తులతో తెలుసు. గొడుగు మనిషి వచ్చి పోవాలి, అరటి గెల కనిపించాలి, తరవాత నేను తల వంచాలి. విని, వెనక్కి తిప్పి, మళ్ళీ వినేదాన్ని. ఒకరోజు ఆ చోట తెర మీద తెల్ల గీతలు కనిపించాయి. నేను వినే కొద్దీ రీలు అరిగిపోతోందని అప్పుడు తెలిసింది. వింటే పోతుంది. వినకపోతే, ఉండీ లేనట్టే. ఏం చేయను? ఏడాదికొక్కసారే అని గిరి గీసుకున్నాను.

ఆ తరవాత నా తెలివి చూడండి. ఒక కార్తీకంలో వానలు విడవకుండా పట్టుకున్నాయి. ముసురు తగ్గాక తీసి చూస్తే క్యాసెట్ కిటికీలోంచి రీలు అంచున తెల్లగా బూజు. మా వైపు దేనికి బూజు పట్టినా ఒకటే మందు. మిరపకాయలైనా చింతపండైనా మిద్దె మీద ఎండకు పెట్టాల్సిందే. నేనూ అదే చేశాను. మంచి ఎండ రోజు చూసి, ఒడియాల గుడ్డకు ఒక వారన క్యాసెట్‌ను పెట్టి, కాకి ఎత్తుకుపోకుండా మీద జల్లెడ కూడా బోర్లించాను.

మధ్యాహ్నం అన్నానికి వచ్చి మా ఆయన మిద్దె ఎక్కాడు.

"ఏమే, ఇదేంది?"

"బూజు పట్టింటే ఎండేసినా."

"ఇది కేసెట్టా, ఒడియమా? సాయంత్రం నూనెలో ఏయించి పెడతావా నాకు?"

అప్పటికే పైడబ్బా కొంచెం వంకర పోయింది. వేసి చూస్తే బొమ్మ బాగానే ఉంది. గొంతు మాత్రం సాగి, ఊగి, బావిలోంచి వస్తున్నట్టు వచ్చింది. 'బిడ్డకు' అనే మాట మైనంలా కరిగిపోయింది.

తిరుపతిలో టీవీలు బాగుచేసే పెద్దాయన ఒకరున్నారు. ఇప్పుడు ఫోన్ల తొడుగులు అమ్ముకుంటున్నారు కానీ, అంగడి మీద పాత బోర్డు తీయలేదు. ఆయన దగ్గరికి తీసుకుపోయాను. కళ్ళద్దాలు నుదుటి మీదికి తోసి, రీలును వెలుగుకు పట్టి చూశారు.

"బొమ్మ నడిమిన ఉంటాది తల్లీ, గొంతు అంచున ఉంటాది. సీర మాదిరే. ఎండైనా బూజైనా ముందు తినేది అంచునే."

"మళ్ళీ వచ్చే దారి లేదా సామీ?"

"పోయింది రాదు. ఉండేదాన్ని కాపాడుకో. ఊరికే ఏసి ఏసి సూడొద్దు."

అంచు పోయిన చీరకు ఇంకో అంచు వేసి కుట్టుకోవచ్చు. దీనికి ఏం వేసి కుట్టాలి? ఇంటికి వచ్చి క్యాసెట్‌ను చీర ముక్కలో చుట్టి డెక్కు మీద పెట్టేశాను. రెండేళ్ళు ముట్టుకోలేదు.

మా పిల్లను నగరిలో ఇచ్చాం. మరమగ్గాల ఇల్లు. పోయిన వేసవిలో వచ్చి, నాకు తెలియకుండా ఆ క్యాసెట్ తీసుకుపోయిందట. నెల తరవాత క్యాసెట్‌ను తిరిగి పట్టుకుని వచ్చి, నన్ను కుర్చీలో కూర్చోబెట్టి, వేలెడంత పుల్ల ఒకటి టీవీకి గుచ్చింది.

"ఏందే ఇది?"

"నీ పెండ్లి మా! తిరపతిలో స్టూడియోలో ఇచ్చి పెన్ డ్రైవులోకి ఎక్కిచ్చినా. కడిగిన అద్దం మాదిరి ఉండాది సూడు."

నిజంగానే బాగుంది. ముందర మా పేర్లు పూల మధ్యలోంచి తిరుగుతూ వచ్చాయి. "అబ్బో, నా మీసం ఎంత నల్లగుండాది!" అని మా ఆయన ముందుకు వంగాడు. గొడుగు మనిషి వచ్చాడు. అరటి గెల వచ్చింది. నేను ఊపిరి బిగబట్టాను. తెర మీద నేను తల వంచాను.

సన్నాయి మోగింది. ఆ సందు నిండుగా, ఎక్కడా ఖాళీ లేకుండా, సన్నాయి. అయిపోయి, పాట వచ్చేసింది.

"యాడ పాయ?" అన్నాను.

"ఏంది మా?"

"మా అమ్మ యాడ పాయ?"

"అవ్వ బిందెత్తుకోని పోయేది ముందే వచ్చేసింది గదా. నువ్వే సూస్తివి."

మా ఆయన మెల్లగా చెప్పాడు. "అది కాదు మే. ఈడ పాట ఆగి మీ అవ్వ మాట ఇనపడేది. మీ అమ్మకు నీళ్ళియ్యమని."

పిల్ల ముఖం తెల్లబోయింది. "అది అవ్వ గొంతా? ఎవురో అరస్తా ఉండారు, ఇనేదానికి బాగలేదని నేనే సెప్పినా మా, సన్నాయి ఏసి పూడ్చమని."

తన తప్పేముంది? బావిలోంచి వచ్చినట్టున్న ఆ గొంతును మనవరాలు ఎట్లా పోల్చుకుంటుంది? ఎండకు పెట్టింది నేనే కదా.

మరునాడు ఇద్దరం స్టూడియోకు పోయాం. ఆయన మంచివాడే. కంప్యూటర్‌లో చాలాసేపు వెతికాడు.

"ముందు ఎక్కిచ్చింది తీసేసినానక్కా, తావ లేక. కేసెట్టియ్యి, మళ్ళీ సెన్నైకి పంపిస్తా. ఆడ్నే సేసేది."

క్యాసెట్ నా చేతిసంచిలోనే ఉంది. ఇవ్వడానికి చెయ్యి రాలేదు. అప్పటికే ఒకసారి నాకు చెప్పకుండా చెన్నై పోయి వచ్చిందది. బస్సుల్లో, ఎండలో, ఎవరెవరి చేతుల్లోనో. మన డెక్కు మన ఇంట్లో ఉందిగా, మనమే వేసి ఫోన్లో పట్టుకుందామన్నాను. "అంతే మా," అంది పిల్ల.

ఇంటికి వచ్చి డెక్కు పెడితే తిరగదు. గుర్రుమంటుంది, నిలిచిపోతుంది. దాన్ని మా ఆయన చంకన పెట్టుకుంటే, మళ్ళీ ఆ పెద్దాయన దగ్గరికే. లోపలి రబ్బరు బెల్టు సాగిపోయిందన్నారు. ఆ కొలత బెల్టు ఇప్పుడెక్కడా దొరకదట. డబ్బాలు బోర్లించి, ఇంకో పాత సామానులోది ఏదో తీసి, సరిపెట్టారు.

"ఇది తాత్కాలికం తల్లీ. ఒక్కసారి ఏసుకోండి. రీలు సచ్చుబడి ఉండాది, బెల్టు దానిది కాదు. రెండోసారికి నేను పూచీ కాదు."

ఆ మధ్యాహ్నం మా ఇంట్లో చూడాలి మీరు. ఫ్యాను ఆపాం. కిటికీ మూశాం. పూలకు వచ్చినవాళ్ళను సాయంత్రం రమ్మన్నాం. ఎరుపు, తెలుపు, పసుపు తీగలు టీవీకి గుచ్చి, పిల్ల ఫోన్‌ను టీవీ పక్కన గొంతు వచ్చే చోట ఆనించి పట్టుకుంది.

"నాయనా, నువ్వు దగ్గొద్దు."

"ఊపిరన్నా పీల్సుకోవచ్చునా?"

"మెల్లిగా పీల్సు."

గొడుగు మనిషి వచ్చాడు, వణుకుతూ. అరటి గెల వచ్చింది, సగం తెల్ల గీతల్లో. నేను తల వంచాను. పాట ఆగింది.

"ఒసే, ఆ బిడ్డకు రవన్ని నీళ్ళియ్యండే! పొద్దన్నుంచీ..."

ఎవరిదో రెండో గొంతు కూడా వినిపించింది. పిల్ల తిరిగి నా వైపు చూసింది. అప్పుడు తెలిసింది నాకు. ఆ గొంతు నాది. ఇన్నేళ్ళుగా ఆ బొమ్మ వచ్చినప్పుడల్లా అమ్మతో పాటు ఆ మాట అనడం నా నోటికి అలవాటైపోయింది. అమ్మ పోయాక ఒంటరిగా వినేదాన్ని కాబట్టి నాకే తెలియదు. సగంలో నోరు మూసుకున్నాను. చివరి మాటలు అమ్మవే వచ్చాయి, "ఎంగిలి గూడా పడలే" అని. వెంటనే డెక్కులో ఏదో నలిగిన చప్పుడు. బొమ్మ గిర్రున తిరిగి నల్లబడింది.

మా ఆయన ఫ్యాను వేయడానికి కూడా లేవలేదు. సినిమా పాట కప్పిందని, సన్నాయి కప్పిందని అందరినీ తిట్టుకున్నాను. ఆఖరికి నేనే మా అమ్మ మాట మీద ఎక్కి కూర్చున్నాను.

"మా, ఏడవొద్దు. ఇంకోసారి ఏద్దాం."

"ఇంకోసారి యాడుండాది?"

మరునాడు డెక్కును మళ్ళీ అంగడికి తీసుకుపోతే, పెద్దాయన మూత విప్పి, అది మింగిన రీలును కొంచెం కొంచెంగా లాగారు. ముడతలు పడి, అంచు కుచ్చిళ్ళు కుచ్చిళ్ళుగా అయిపోయింది. కత్తిరించి అతికించాలన్నారు. కత్తిరించిన ముక్క నా చేతికిచ్చారు. పూలమ్మే చెయ్యి కదా, తెలియకుండానే మోచేతి నుంచి వేలి కొసదాకా పట్టి కొలిచాను. సరిగ్గా ఒక మూర.

"దీంట్లో ఆ మాట ఎంతుంటాది సామీ?" అని అడిగాను.

ఆయన వేళ్ళతో లెక్క వేశారు. "ఏడెనిమిది సెకన్ల మాటయితే అర మూర ఉంటాది తల్లీ."

రోజుకు ఎన్ని వందల మూరలు కొలిచి ఇస్తానో నాకే తెలియదు. ఎవరైనా అర మూర అడిగితే, అర మూరకు ఏమొస్తుందమ్మా, మూర తీసుకోండి అంటాను. ఆ రోజు నుంచి ఎవరు అర మూర అడిగినా ఆ మాట అనలేదు.

ఇప్పుడు మా పిల్ల ఫోన్లోనూ నా ఫోన్లోనూ ఉంది అది. మొదటి సగంలో అమ్మదీ నాదీ రెండు గొంతులూ ఒకదాని మీద ఒకటి. పిల్ల చెవి ఆనించి, ఇదిగో ఇది అవ్వ, ఇది నువ్వు అని విడదీయాలని చూస్తుంది. ఒక్కోసారి కుదురుతుంది. ఒక్కోసారి, "నీదనుకున్నింది అవ్వదే మా," అంటుంది. చివరి మూడు మాటలూ మాత్రం అమ్మవే. ఎన్నిసార్లు విన్నా ఫోన్లోది అరగదట. అయినా నేను రోజూ వినను. ఏడాదికొకసారి అనే అలవాటు ఒక్కసారిగా పోతుందా?

రీలు ముక్కను కాగితంలో చుట్టి డెక్కు లోపలే పెట్టాను. "ఇంకా ఎందుకు మా ఈ డెక్కు? తిరగదు, పాడదు," అని పోయిన నెల వచ్చినప్పుడు కూడా అడిగింది పిల్ల. అమ్మ గొంతు ఒంటరిగా, నేను కప్పకుండా, పూర్తిగా ఉన్నది ప్రపంచంలో ఆ ముడతల అర మూరలోనే. దాన్ని చదవగలిగింది అటువంటి పెట్టె ఒక్కటే. ఆ ముడతలు సాపు చేసి, ఆ పెట్టెను తిప్పగలిగిన మనిషి ఎవరో ఒకరు ఎక్కడో ఒకచోట ఉండరా? ఉంటే, పెట్టె లేకుండా ఆయన మాత్రం ఏం చేస్తాడు? అదే చెప్పాను. పిల్ల పాత చీర ముక్క మాసిందని తీసి, ఉతికి, ఆరేసి, మళ్ళీ తనే కప్పింది.

పొద్దు వాలుతోంది, అమ్మవారి గుడికి పోయేవాళ్ళు పూలకు వచ్చే వేళ. ఈ మూర మీ తలలో పెట్టుకుని పోండి. మీ ఇల్లు చల్లగా ఉండాలి. మీ గడపలో పెద్దవాళ్ళు నిండు నూరేళ్ళూ ఉండాలి. వాళ్ళు రోజంతా విసుక్కుంటూ, గట్టిగట్టిగా అరుస్తూ ఉండాలి. ఆ అరుపులు వినే చెవులు మీ ఇంట్లో ఎప్పుడూ కొదవ కాకూడదు.